మొగతెప్పలో మధ్యాహ్నం

నమోదు 1

ఈరోజు వంజరం ముక్కలు వేయించుకుంటూ ఒక డేటాబేస్ క్లస్టర్‌ని ఇన్‌స్టాల్ చేశాను.

నిజానికి నేను చేసిందేమీ లేదు. స్క్రిప్టుని నడవమని చెప్పి పొయ్యి దగ్గరికి వెళ్ళాను. రెండో వాయి తీసి వచ్చేసరికి మూడు సర్వర్లూ లేచి, ఒకదాన్నొకటి గుర్తుపట్టి, పనిలో పడిపోయాయి. మధ్యలో నన్ను ఒక్క మాట అడగలేదు. చేతికంటిన కారం తుడుచుకుని, మొత్తం చెరిపేసి మళ్ళీ నడిపించాను. మళ్ళీ అదే ఫలితం. ఇంకోసారి. అదే.

రహంతుల్లా గారిని పిలిచాను. మూలతెప్పలో ఉంటూ సముద్రం మీద తేలే మా నలభై తెప్ప ఊళ్ళ నెట్‌వర్కునూ చూసుకునే పెద్దాయన ఆయన. కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని చాలాసేపు తెర వైపు చూశారు.

“ఏమీ అడగలేదా దమయంతీ?”

“లేదండి. అడిగేవాటన్నిటికీ ముందే జవాబులు రాసి పెట్టేశాను.”

“అంటే మనిషి అవసరమే లేదు.”

“ఈ విడతకి నేను వెళ్ళి సర్వరు పెట్టెలు తగిలించి రావాలండి. తరవాత నుంచి ఇక్కడ కూర్చునే చేసేయొచ్చు.”

ఆయన మెచ్చుకోలేదు గానీ పళ్ళెంలోంచి ఒక ముక్క తీసుకున్నారు. ఆయన మెచ్చుకోవడం అలాగే ఉంటుంది.

మాకు తొందర ఉంది. తుఫాను వస్తే తెప్పలన్నీ కట్లు విప్పుకుని దూరదూరంగా లంగరేసుకుంటాయి. కలిసి ఉంటే ఒకదాన్నొకటి గుద్దుకుని బద్దలవుతాయి మరి. ఆ విడిపోయిన రోజుల్లో ఏ తెప్ప సంగతులు ఆ తెప్పే గుర్తుంచుకోవాలి: ఎవరింటికి ఎన్ని మంచినీళ్ళు, ఎవరికి ఏ మందు ఎంత, ఏ లంగరు గొలుసు ఎంత వదలాలి. అందుకే ఒక్కో తెప్పకీ మూడేసి సర్వర్లు. మూడింట్లో ఏ రెండు ఒప్పుకుంటే అదే మాట. ఒకటి పాడైనా మిగతా రెండూ నడిపిస్తాయి. జనం దాన్ని క్లస్టర్ అనరు, పంచాయితీ అంటారు. పాత సాఫ్ట్‌వేర్ కిందటేడు రెండు తెప్పల్లో సగం సంగతులు మరిచిపోయింది. తుఫానుల కాలం మొదలయ్యేలోపు అన్నిచోట్లా కొత్తది పడాలి.

నమోదు 2

ఉప్పుతెప్ప, కొత్తపాలెం తెప్ప, చీకటిపల్లి తెప్ప. మూడూ అయిపోయాయి.

పడవలో బట్టలు ఉతుక్కుని తాడు మీద ఆరేసుకున్నాను. అవి ఆరేలోపు ఒక తెప్ప పని ముగుస్తోంది. ఉప్పుతెప్పలో పంచాయితీ గదిలో మేకలు కట్టేసి ఉన్నాయి. వాటిని తోలడానికి పట్టినంత సేపు కూడా ఇన్‌స్టాల్‌కి పట్టలేదు. చీకటిపల్లిలో నాచు పచ్చడితో అన్నం పెట్టారు. బాగుంది. పుల్లగా, ఇనుము రుచితో.

మూడుచోట్లా వచ్చిన ఫలితాలు పక్కపక్కన పెట్టి చూశాను. అక్షరం తేడా లేదు. ముచ్చటేసింది, కొంచెం విసుగూ వేసింది. పోయినేటి దాకా ఒక్కో తెప్పకీ వెళ్ళి, అక్కడివాళ్ళని పక్కన కూర్చోబెట్టుకుని, తెర అడిగే ప్రశ్నలన్నిటికీ ఒక్కొక్కటిగా జవాబు కనుక్కునేవాళ్ళం. ఆ కబుర్లలో పడి సాయంత్రమైపోయేది. ఇప్పుడు మేకల గురించి తప్ప ఎవరితోనూ మాట్లాడలేదు.

రేపు మొగతెప్ప. గోదావరి పాయ ఒకటి సముద్రంలో కలిసే మొగ దగ్గర ఉంటుంది. పాత లైట్‌హౌసు తల నీళ్ళ పైకి కనిపిస్తూ ఉంటుందట. నేనెప్పుడూ చూడలేదు.

నమోదు 3

ఎండ నెత్తిమీదికి వస్తుండగా మొగతెప్ప చేరాను. ఊరంతా నిద్రపోతోంది.

ఒకరో ఇద్దరో కాదు, అందరూ. వీధుల్లో మనిషి లేడు. కిటికీలకి చాపలు వేలాడుతున్నాయి. ఒక కుక్క కూడా మొరగడానికి తల పైకెత్తి, మనసు మార్చుకుని మళ్ళీ పడుకుంది. పంచాయితీ గది వెతుక్కుని తలుపు తట్టాను. చాలాసేపటికి ఒకావిడ, యాభై ఏళ్ళుంటాయి, జుట్టు ముడేసుకుంటూ వచ్చింది.

“ఏంటమ్మా, అర్ధరేత్రప్పుడు తలుపు బాదేత్తన్నావు?”

వెనక్కి తిరిగి సూర్యుణ్ణి చూశాను. ఆవిడా చూసింది. ఆవిడకి అందులో వింతేమీ కనబడినట్టు లేదు.

ఆవిడ పేరు నూకరత్నం. తెప్పలో సర్వర్లూ, నీళ్ళ పంపులూ ఆవిడే చూసుకుంటుంది. రాత్రిళ్ళు వేటకి వెళ్ళే ఊరు కాబోలు, పగలు పడుకుంటున్నారు అనుకున్నాను. వాళ్ళు లేచేదాకా పడవలోనే కునుకు తీశాను. సాయంత్రం ఎండ వాలుతుంటే గంట మోగింది. ఊరు లేచింది. పిల్లలు పళ్ళు తోముకుంటున్నారు. పొయ్యిలు వెలుగుతున్నాయి. నూకరత్నం గారు నాకు గంజి ఇచ్చి పక్కన కూర్చుంది.

“ఇదేమన్నా అడుగుద్దా?”

“ఏమీ అడగదు పిన్నిగారూ.”

“అదేంటి? కిందటిసారి వచ్చినాయన ఎన్ని అడిగాడో. మా ఊళ్ళో పెళ్ళిళ్ళు ఏ నెల్లో చేత్తారో కూడా అడిగాడు.”

“అది తెర అడిగి ఉండదు. ఆయనకే తెలుసుకోవాలనిపించి ఉంటుంది.”

“ఉంటది,” అంది ఆవిడ నవ్వి. “మంచోడే.”

మూడు సర్వర్లలో రెండు పంచాయితీ గదిలోనే ఉన్నాయి. మూడోది ఒక్కటీ తెప్ప అంచున పంపుల గదిలో ఉంది. ఒకేచోట మంటంటుకుంటే మూడూ పోకుండా అలా విడిగా పెడతారు. స్క్రిప్టు నడిపించాను. గంజి పూర్తయ్యేలోపు అయిపోయింది. ఫలితం అక్షరం తేడా లేకుండా మిగతా తెప్పల్లాగే వచ్చింది.

పొద్దున్నే బయల్దేరదామని పడవ సర్దుకుంటుంటే నూకరత్నం గారు తెప్ప అంచున నిలబడి చెయ్యి ఊపింది. వెళ్ళిరమ్మని కాదు, వెనక్కి రమ్మని.

నమోదు 4

మూడో సర్వరు మాట్లాడడం మానేస్తోంది.

ఇన్‌స్టాల్ అయిన కాసేపు బాగానే ఉంటుంది. తరవాత మిగతా రెండూ దాన్ని నమ్మడం మానేసి పంచాయితీ నుంచి వెలేస్తాయి. అది తనంతట తాను ఆగి, మళ్ళీ లేచి, తిరిగి వచ్చి చేరుతుంది. కాసేపు మళ్ళీ అంతా సవ్యంగా ఉంటుంది. మళ్ళీ వెలి.

కేబుల్ మార్చాను. ఉప్పుగాలికి తుప్పు పట్టిందేమోనని పిన్నులన్నీ గీకి తుడిచాను. గది వేడెక్కుతోందేమోనని తలుపు తీసి పెట్టించాను. ఏమీ లాభం లేదు. మొత్తం చెరిపేసి మళ్ళీ మొదటినుంచీ ఇన్‌స్టాల్ చేశాను. మళ్ళీ అదే కథ. పెట్టే మార్చేశాను. కొత్త పెట్టె కూడా అచ్చంగా పాతదానిలాగే అలిగింది.

నాకు చిరాకు రావాలి. కానీ నిజం చెప్పాలంటే ఇన్ని రోజుల్లో నాకు ఇంత హుషారుగా ఎప్పుడూ లేదు. ఎన్నిసార్లు చేసినా ఒకేలా రావాలని రాసిన స్క్రిప్టు ఇది. ఒకేలా వస్తోంది కూడా. మూడు తెప్పల్లో ప్రతిసారీ గెలుపు, ఇక్కడ ప్రతిసారీ ఓటమి. అంటే తేడా స్క్రిప్టులో లేదు, ఈ ఊళ్ళో ఉంది. ఏమిటది?

“గదికి దిష్టి తగిలిందేమో,” అంది నూకరత్నం గారు, సగం నమ్మకంగానే.

“ముందు మిగతావన్నీ చూద్దాం పిన్నీ. అప్పటికీ దొరక్కపోతే నిమ్మకాయలు తెప్పిద్దాం.”

ఇంకో సంగతి. ఈరోజు ఊరి గంట నిన్నటికంటే ఆలస్యంగా మోగింది. నిన్న వెలుగుండగానే మోగింది. ఈరోజు సూర్యుడు నీళ్ళని తాకుతుండగా. వేటకి వెళ్ళే పడవలు కూడా నాకేమీ కనబడలేదు.

నమోదు 5

ఈరోజు ఒక మనిషి నా మూలాన చచ్చిపోబోయాడు. 

మధ్యాహ్నం, ఊరంతా నిద్రలో ఉండగా, ఎవరో పరిగెడుతున్న చప్పుడైంది. వైద్యశాలలో నర్సు ఎస్తేరు సిస్టర్. చెప్పులు కూడా లేవు. ఆవిడ వెనకే నేనూ పరిగెత్తాను. మూడిళ్ళ అవతల చాప మీద ఒక పెద్దాయన పడున్నాడు. ఒళ్ళంతా చెమట, పిలిస్తే పలకడు, పళ్ళు బిగిసిపోయాయి. భార్య ఆయన తల ఒళ్ళో పెట్టుకుని “ఏవయ్యా, ఏవయ్యా” అంటోంది. సిస్టర్ సూది గుచ్చి గ్లూకోజు ఎక్కించింది. ముగ్గురం ఆయన మొహం వంక చూస్తూ కూర్చున్నాం. వాళ్ళింటి వాకిట్లో ఎండుచేపలు ఆరేసి ఉన్నాయి. ఒక కాకి వాటిని తీరిగ్గా తింటోంది. తోలాలని ఎవరికీ తోచలేదు.

కొంతసేపటికి ఆయన కళ్ళు తెరిచి, “ఏంటి, అందరూ లేచేశారు?” అన్నాడు.

ఆయన పేరు చిట్టబ్బాయి. చక్కెర జబ్బు. నడుముకి ఇన్సులిన్ పంపు కట్టి ఉంటుంది. మధ్యాహ్నం భోజనం వేళకి పెద్ద మోతాదు వదలమని పంచాయితీయే దానికి చెబుతుంది. నిన్న ఆ వేళకి నేను అంతా చెరిపేసి ఉన్నాను కాబట్టి చెప్పలేదు. ఈరోజు చెప్పింది. ఆయన నిద్రలో ఉన్నాడు. కడుపులో మెతుకు లేదు.

సిస్టర్ నన్ను బయటికి పిలిచింది. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నయమనిపించేది.

“ఏం మార్చారండీ మీరు?”

“నేనేమీ మార్చలేదు సిస్టర్. మధ్యాహ్నమే కదా. ఒంటి గంటయింది.”

“ఎక్కడ అయింది ఒంటి గంట?”

“ఇక్కడే...” అని నా గడియారం చూపించాను.

ఆవిడ దాని వైపు చూడలేదు. నన్నే చూసింది. “ఇక్కడ మధ్యాహ్నం అవడానికి ఇంకా చాలా పొద్దుందమ్మా. మేం సముద్రాన్ని బట్టి కదా బతికేది. మీకు ఎవరూ చెప్పలేదా?”

ఎవరూ చెప్పలేదు. నేను అడిగితే కదా.

నూకరత్నం గారు నన్ను పంపుల గదికి తీసుకెళ్ళింది. నేలలో ఒక గొట్టం సముద్రంలోకి దిగి ఉంది. దాంట్లో తేలే బెండు పోటుకి లేస్తుంది, పాటుకి దిగుతుంది. ఆ కదలికతో తిరిగే పళ్ళచక్రాలు గోడమీది గడియారాన్ని నడిపిస్తాయి. నేను అంతకుముందు దాన్ని నీటిమట్టం చూపించే మీటరు అనుకున్నాను. అక్కణ్ణుంచి ఒక సన్నటి తీగ తిన్నగా మూడో సర్వరు వీపులోకి వెళ్తోంది.

“పోటు నిన్నటేళకి ఈరోజు రాదు కదమ్మా,” అంది ఆవిడ. “రోజూ ముప్పావుగంట పైన ఆలస్యమవుద్ది. ఈ మొగలో పోటుంటేనే పడవ లోపలికొత్తాది, పోటుంటేనే పంపు తిరుగుద్ది. దాన్నొదిలేసి సూర్యుడితో లేత్తే ఏం చేత్తాం, గోళ్ళు గిల్లుకుంటా కూర్చోవాలి. అందుకని మా రోజు కొంచెం పొడుగు. ఒక పదిహేను రోజులు పగలు పడుకుంటాం, ఇంకో పదిహేను రోజులు రేత్రి పడుకుంటాం.”

అప్పటికి అర్థమైంది. స్క్రిప్టు అడిగే అవకాశమే లేకుండా నేను ముందే రాసి పెట్టిన జవాబుల్లో ‘ఏ గడియారం?’ అన్నది ఒకటి. ‘ఉపగ్రహం’ అని రాశాను. పంచాయితీ గదిలోని రెండూ మారు మాట్లాడకుండా ఉపగ్రహం వేళకి మారిపోయాయి. మూడోదాన్ని కూడా స్క్రిప్టు మార్చింది. కానీ ఈ తీగ దాన్ని క్షణక్షణం వెనక్కి లాగుతూనే ఉంది. తేడా పెరిగేసరికి మిగతా రెండూ దాన్ని అబద్ధాలకోరని వెలేశాయి. అది ఆగి లేచినప్పుడల్లా నా స్క్రిప్టు దాని వేళని సరిదిద్దుతోంది, నేను వెళ్ళి చూసేసరికి అంతా సరిగ్గా కనబడుతోంది.

మొదటినుంచీ ఆ ఒక్క పెట్టే ఈ ఊరి వేళ చెబుతోంది. నేనేమో పిన్నులు గీకుతున్నాను.

చిట్టబ్బాయి గారి పంపు విప్పేశారు. సిస్టర్ ఇప్పటికి చేత్తో సూది ఇస్తానంది. ఊళ్ళో అలా పంపుల మీద ఉన్నవాళ్ళు ఇంకొందరున్నారు. వాళ్ళవీ విప్పించింది.

నమోదు 6

రేడియోలో రహంతుల్లా గారు. అంతా చెప్పాను. 

“ఆయన ఎలా ఉన్నాడు?” అన్నారు ముందు.

“లేచి తిరుగుతున్నారండి.”

“హమ్మయ్య. చూడు దమయంతీ, వాయుగుండం మొదలైంది. ఇంకా చాలా తెప్పలున్నాయి. ఆ తీగ పీకెయ్. అందరికీ ఒకే గడియారం ఉంటే గొడవే ఉండదు.”

“వాళ్ళు సముద్రంతో లేస్తారండి. తీగ పీకినంత మాత్రాన వేరే వేళకి లేవరు.”

“మరి వాళ్ళ వేళకే మూడింటినీ పెట్టెయ్.”

“అలా చేస్తే మిగతా తెప్పలతో కలిసినప్పుడు వీళ్ళ సంగతులు ఏవి ముందో ఏవి వెనకో ఎవరికీ తెలియదు.”

“ఏం చేద్దామంటావు?”

రోజంతా ఆలోచించింది చెప్పాను. పెట్టెలు మూడూ ఒకదానితో ఒకటి ఏకీభవిస్తే చాలు. అవి అన్నం తినవు, నిద్రపోవు. వాటికి ఉపగ్రహం వేళే ఉండనీ. మనుషుల పొద్దు వాటికి వేరేగా చెబుదాం. ఆ తీగని సర్వరు గడియారం నుంచి తీసేసి, మామూలుగా సమాచారం ఇచ్చే చోట తగిలిస్తే సరి. నీళ్ళ పంపులకి, మందులకి పోటు వేళే పోతుంది. అలా రెండు వేళలు.

“మరి స్క్రిప్టో?” అన్నారు ఆయన.

“ఒక ప్రశ్న అడుగుతుందండి. ‘ఇక్కడి మనుషులు దేన్ని బట్టి లేస్తారు, తింటారు, పడుకుంటారు?’ అని. మిగతాదంతా మునుపట్లాగే నోరు మూసుకుని చేసుకుపోతుంది.”

“జవాబు రాకపోతే?”

“ఆగిపోతుంది.”

“తుఫాను ఆగదు కదా!”

“ఆగదండి. కానీ జవాబు లేకుండా ముందుకి వెళ్ళినందుకేగా ఇలా అయింది.”

ఆయన తెప్పల జాబితా తీస్తున్న కాగితాల చప్పుడు వినబడింది. తరవాత, “నేనే కూర్చుని అన్ని తెప్పలకీ రేడియో చేసి అడుగుతాను. నువ్వు పని కానియ్,” అన్నారు.

తీగ దగ్గర మాత్రం నూకరత్నం గారు ఒప్పుకోలేదు. ‘మా నాన్న బిగించింది’ అంది. ఎవరూ చెయ్యి పెట్టడానికి వీల్లేదంది. నేను వాదించలేదు. ఏ చివర ఎక్కడ పెట్టాలో చూపించి ఊరుకున్నాను. కాసేపటికి ఆవిడే పటకారు తీసుకుని, కళ్ళు చిట్లించి చూస్తూ, విప్పి అవతల బిగించింది.  గోడమీది గడియారం మునుపట్లాగే తిరుగుతూ ఉండడం చూశాక, “సరేలే,” అంది.

స్క్రిప్టు నడిపించాను. ప్రశ్న అడిగింది. ఆవిడ ఒక్కో అక్షరం వెతుక్కుంటూ ‘సముద్రం’ అని కొట్టింది.

మూడో సర్వరు చేరింది. ఒక పోటు గడిచింది. చేరే ఉంది. ఇంకో పోటు. చేరే ఉంది.

ఇక ఇన్సులిన్ పంపులు తిరిగి కట్టాలి. ఎవరు ముందు అన్నప్పుడు ఎవరూ ముందుకి రాలేదు, రారు కూడా. చివరికి చిట్టబ్బాయి గారే చొక్కా పైకెత్తి, “నాకు కట్టండి. ఈసారి మెలకువగా ఉంటాగా, తేడా వత్తే నేనే పీకేత్తాను,” అన్నాడు. భార్య ఆయన్ని నోటికొచ్చినట్టు తిట్టి, తిడుతూనే వెళ్ళి అన్నం వండింది.

మొగతెప్పలో మధ్యాహ్నం అయింది. బయట చుక్కలున్నాయి. ఆయన పళ్ళెం ముందు కూర్చున్నాడు. సగం ఊరు చుట్టూ నిలబడింది. రొయ్యల ఇగురు కలుపుకుని నాలుగు ముద్దలు తిన్నాడో లేదో, నడుము దగ్గర పంపు చిన్నగా కూసింది. సిస్టర్ మోతాదు చూసింది, వేలి రక్తం చూసింది, మళ్ళీ చూసింది. నన్ను చూసి తల ఊపింది.

“ఇంకొంచెం ఇగురెయ్,” అన్నాడు చిట్టబ్బాయి గారు భార్యతో.

నమోదు 7

మూలతెప్పకి వచ్చేశాను. పెట్టెలు పడవల్లో పంపితే అక్కడివాళ్ళే తగిలిస్తున్నారు, మిగతా తెప్పల ఇన్‌స్టాల్‌లు ఇక్కణ్ణుంచే నడిపిస్తున్నాను.

రహంతుల్లా గారు రేడియోలో అడిగిన ప్రశ్నకి జవాబులు వస్తున్నాయి. ఎక్కువమంది ‘ఇదేం ప్రశ్న, సూర్యుడే’ అన్నారు. ఉప్పుతెప్పవాళ్ళు మాత్రం తమకి రోజు మొదలయ్యేది పొద్దుగుంకాక అన్నారు. ఎండలో ఉప్పు దగ్గర నిలబడలేరు కదా, వాళ్ళ పనంతా చల్లబడ్డాకే. ‘మరి నేను వచ్చినప్పుడు చెప్పలేదేం?’ అంటే, ‘మీరు మేకల గురించే అడిగారు’ అన్నారు. వాళ్ళది మళ్ళీ చేశాను. ఇంకో తెప్పలో ఆ ప్రశ్న మీద రెండు వీధులవాళ్ళు పోట్లాడుకుంటున్నారట, జవాబు ఇంకా తేలలేదు. స్క్రిప్టు ఓపిగ్గా ఆగి ఉంది. నాకైతే వెళ్ళి ఆ పోట్లాట వినాలని ఉంది.

గాలి తిరిగింది. కట్లు విప్పమని కబురు వచ్చింది.

నమోదు 8

తుఫాను వెళ్ళిపోయింది. ఆ రోజులు రాయడానికి వీలు పడలేదు, వీలున్నా పెద్దగా రాసేదేమీ లేదు: ఒంటికి తాడు కట్టుకుని కూర్చోవడం, నీళ్ళు తోడడం, వాంతులు.

రేడియోలు ఒక్కొక్కటే పలికాయి. కొత్తపాలెం. చీకటిపల్లి. ఉప్పుతెప్ప, నాలుగు మేకలు పోయాయట, మనుషులు క్షేమం. రహంతుల్లా గారు జాబితాలో ఒక్కో పేరూ కొట్టేసుకుంటూ వచ్చారు. చివరికి మొగతెప్ప ఒక్కటే మిగిలింది. రోజంతా పిలిచాం. పలకలేదు. ఆయన కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకుని, మళ్ళీ తీశారు.

మర్నాడు సాయంత్రం గరగర మధ్య నూకరత్నం గారి గొంతు.

“ఉన్నామమ్మా, ఉన్నాం. ఏరియల్ ఎగిరిపోతే ఇప్పుడే కట్టాం.”

“అందరూ?”

“అందరూను. పంపుల గదిలోకి నీళ్ళొచ్చేశాయి. మూడో పెట్టె మునిగిపోయింది. మిగతా రెండే పోటు లెక్క గుర్తుపెట్టుకుని నడిపించేశాయి, గొలుసులూ, నీళ్ళూ, మందులూ, అన్నీ. చిట్టబ్బాయి ఒక్క పూట కూడా తప్పకుండా తిన్నాడు. మిగతావాళ్ళం తిన్నదంతా కక్కుకున్నాం, ఆడు మాత్రం తిన్నాడు.”

రహంతుల్లా గారు గట్టిగా నవ్వడం నేను మొదటిసారి విన్నాను.

“బెండు గడియారం ఉందా పిన్నీ?” అని అడిగాను.

“గొట్టం వంగింది. ఎత్తి సరిచేశాం. తిరుగుతాంది. నువ్వప్పుడు మార్చి పక్కన పెట్టిన పెట్టె తగిలించాను. నువ్వక్కణ్ణుంచే కానిచ్చెయ్యి.”

స్క్రిప్టు నడిపించాను. అక్కడి తెర మీద ప్రశ్న పడి ఉంటుంది. ఆవిడ అక్షరాలు వెతుక్కుంటున్న శబ్దం రేడియోలో వినబడింది. జవాబు వచ్చింది. తరవాత అది నోరు మూసుకుని తన పని తాను చేసుకుపోయింది. ఇక్కడ నా తెర మీద మూడో సర్వరు పచ్చగా వెలిగింది.

“చేరింది పిన్నీ.”

“అయిపోయిందా? ఇంతేనా?”

“ఇంతే.”

అవతల ఆవిడ పటకారు సర్దుతున్న చప్పుడు వినబడింది.

“అయితే ఇంక రానక్కర్లేదన్నమాట నువ్వు.”

“పనికైతే రానక్కర్లేదు,” అన్నాను. “కానీ ఆ పోటు లెక్క నాకు ఇంకా సరిగ్గా అర్థం కాలేదు. అమావాస్యకీ అష్టమికీ దాని ఊపులో తేడా ఎందుకో అడగాలి. మీ ఊళ్ళో పెళ్ళిళ్ళు ఏ నెల్లో చేస్తారో కూడా అడగాలి. పడవలో ఎప్పుడు బయల్దేరమంటారు?”

“నీ గడియారంలో ఎంతవుద్దో నాకు తెలీదు,” అంది ఆవిడ. “పోటెక్కాక రా. అన్నం పెడతాను.”